పాకాల చెరువు

మంచుకొండల ఒడిలోని చిన్న సరస్సులను గూర్చి శ్రోతలు వినియుందురు. హిమానీనదము కొండను తొలిచిన గుంటలో నీరు నిలిచి అట్టివి ఏర్పడును. వాని చుట్టునుండు చిత్తడినేలను పలు దేశములు చట్టముచే కాపాడుచున్నవి. సుల్తానాబాదు పరిసరములలో మంచును లేదు, అట్టి సరస్సును లేదు. మన సీమలో పోలిక వెదకవలెనన్న, వరంగల్లునకు తూర్పుగా సుమారు 50 కిలోమీటర్లు పోయి, నర్సంపేట దాటి, పాకాల చెరువును చూడవలెను.

చెరువనుటయే గాని, కట్టపై నిలిచినవానికి అది కొండల నడుమ సరస్సువలెనే తోచును. 1199 నుండి 1262 వరకు ఏలిన కాకతీయ గణపతిదేవుని కాలమున జగదాళ ముమ్మడి దీనిని కట్టించెను. రెండు కురుచ గుట్టల నడుమ పారు వాగునకు అడ్డముగా మైలుకు మించిన మట్టికట్ట వేసిరి. నిండినపుడు నీరు సుమారు 30 చదరపు కిలోమీటర్లు పరచుకొనును. మనుష్యులు కట్టినది ఒక్క వైపే. తక్కిన వైపులన్నియు కొండలు, అడవులు. నిర్మాత తెలివి అంతయు ఈ చోటు ఎన్నుకొనుటలోనే యున్నదని నా తలంపు. మన మానేటి నీరు గోదావరిని చేరగా, ఇచటి నీరు మున్నేటి గుండా కృష్ణను చేరును.

అడవి యున్నంతవరకు వాననీరు ఆకుల నడుమ, వేళ్ల నడుమ ఆగి మెల్లగా దిగును. అడవి నరికిన, ఆ నీరే మన్ను మోసికొని వచ్చి చెరువును పూడ్చును. తూము, మత్తడి ఎంత గట్టివైనను పూడికను ఆపజాలవు.

1952లో చుట్టునున్న అడవి, 800 చదరపు కిలోమీటర్లకు పైబడినది, అభయారణ్యమాయెను. ఏర్పాటు వన్యమృగములకొరకే, అయినను చెరువునకు అది రెండవ కట్టయైనది. అయితే ఆ అడవిలో జనులును కలరు. పోడు చేసికొని బ్రతుకు గిరిజనుల హక్కును, 2005 డిసెంబరు 13 నాటికే సాగులోనున్న భూములపై, 2006 నాటి అటవీహక్కుల చట్టము గుర్తించినది. పొట్టకొరకు దున్నువానిని, పలుకుబడితో ఆక్రమించువానిని ఒకే గాట కట్టుట న్యాయము కాదు.

సుల్తానాబాదు వైపు ఊరిచెరువులకు పాకాలకున్నంత అడవి లేదు. వానికి మిగిలిన రక్షణ శికమను ఒక్క మాట. చెరువు నిండినపుడు మునిగి, ఎండినపుడు తేలు నేలను రెవెన్యూ లెక్కలలో శికమందురు. 2015లో మొదలైన మిషన్ కాకతీయ క్రింద చెరువుల పూడిక తీసి పొలములకు తోలిరి. శికము ఇండ్లస్థలములైన చోట పూడిక తీసినను నీరు నిలుచుటకు తావు లేదు. ఆ హద్దును నేలపై నడచి చూచుటకు వేసవియే తగిన కాలము.