పెద్దమ్మ దాచిన నీరు

శంషాబాద్‌లో మా పెద్దమ్మ ఇంటి మీదుగానే విమానాలు దిగుతాయి. ఆ రాత్రి ఒక విమానం చప్పుడు సద్దుమణిగాక, ఆ రోజు డ్యూటీ లేక ఇంట్లోనే ఉన్న కూతుర్ని, అంటే మా అక్కను, తట్టి లేపింది.

"బిడ్డా, మళ్లొచ్చినట్టుందే."

ఎడమ రొమ్ము తీసేసి అప్పటికి పదహారు రోజులు. చంకలోని లింఫు గ్రంథులు కూడా తీశారు. కుట్ల పక్కనుంచి వచ్చే గొట్టానికి ఒక ప్లాస్టిక్ డబ్బా. దాన్ని పాత చీర ముక్కతో కుట్టిన సంచిలో వేసుకుని, మెడకు తగిలించుకుని తిరిగేది. ఎయిర్‌పోర్టు కార్గోలో నైట్ డ్యూటీ చేసే అక్క పొద్దున రాగానే డబ్బాలో నీరు కొలిచి పాలలెక్క పుస్తకంలో రాసేది: 160, 110, 70, 40. రోజుకు 30 మిల్లీలీటర్ల లోపుకి తగ్గాక గొట్టం తీసేశారు. ఆ రోజు ఇంట్లో పాయసం వండారు.

నాలుగు రోజులకే కుట్ల కింద ఉబ్బింది. నడిస్తే లోపల నిండు బిందె తొణికినట్టు కదిలేది. చెబితే మళ్లీ కోస్తారని భయం, మళ్లీ ఖర్చని దిగులు. నోరు మెదపలేదు. పక్కింటామె "కాపడం పెట్టు వదినా" అంటే పెట్టుకుంది. ఆపరేషన్‌లో నరాలు తెగి అక్కడ స్పర్శ తగ్గుతుందని, చర్మం కాలినా తెలియదని ఆమెకెవరు చెప్పారు? ఆ రాత్రి తువ్వాలు తీస్తే ఎర్రగా కమిలి ఉంది. తలుచుకుంటే ఇప్పటికీ నా కడుపు తరుక్కుపోతుంది.

తెల్లారగానే ఆరాంఘర్ దాటి, ఎక్స్‌ప్రెస్‌వే ఎక్కి ఆస్పత్రికి. డాక్టరమ్మ వేళ్లతో తట్టి చూసింది. జ్వరం లేదు, చీము లేదు.

"క్యాన్సర్ కాదమ్మా. రొమ్ము తీసిన చోట ఖాళీ మిగులుతుంది. తెగిన సన్నటి నాళాల్లోంచి నీరు ఊరి అందులో చేరుతుంది. సెరోమా అంటాం. చాలామందికి వస్తుంది."

సూది దిగేటప్పుడు పెద్దమ్మ కళ్లు గట్టిగా మూసుకుంది. దిగినట్టే తెలియలేదు. సిరంజిలోకి పసుపుపచ్చని నీరు ఎక్కుతుంటే మెల్లగా కళ్లు తెరిచింది.

"కరిగిన నెయ్యి లెక్కుంది గదనే!"

50 మిల్లీలీటర్ల సిరంజి రెండుసార్లు నిండింది.

"మళ్లా వస్తదా డాక్టరమ్మా?"

"రావచ్చు, వస్తే తీస్తాం. మీరు మాత్రం పిండొద్దు, కాపడం పెట్టొద్దు. జ్వరమొచ్చినా, ఇంకా ఎర్రబడినా ఆ రోజే రండి."

వచ్చింది. వారానికి 60, పైవారం 25. ఆ తర్వాత సూది అక్కర్లేదని, మిగిలింది ఒంట్లోనే ఇంకిపోతుందని అన్నారు.

పుస్తకంలో ఆ 25 పెద్దమ్మ చేతిరాతే. దాని కింద మర్నాటి తేదీ వేసి, పాలు అర లీటరు అని రాసింది.