నూనె తాగే తలుపులు

కాకినాడ పాత ఇళ్ళలో ఎవరైనా మనకి ఇల్లు చూపిస్తుంటే మొదట చెయ్యి వేసేది గుమ్మం మీదే. "ఇది బర్మా టేకు" అంటారు. ఆ మాటలో గొప్ప ఉంది, దాని వెనక నూరేళ్ళకు పైబడిన చరిత్రా ఉంది. ఇంగ్లీషువాళ్ళు 1826లో తెనసెరిం తీరాన్ని, 1852లో రంగూనుతో సహా దిగువ బర్మాని ఆక్రమించుకున్నాక అక్కడి టేకు మౌల్మేను, రంగూను రేవుల నుంచి బంగాళాఖాతం దాటి రావడం పెరిగింది. 1839 తుపానుకి పక్కనున్న కోరంగి రేవు దెబ్బతినిపోయి కాకినాడ రేవు పైకొచ్చింది. కాకినాడలో, విశాఖలో స్టీమరెక్కి రంగూను రేవులో మూటలు మొయ్యడానికి, బియ్యం మిల్లుల్లో పనికి మనవాళ్ళు వేలల్లో వెళ్ళారు. మనుషులు అటు వెళ్తుంటే చెక్క ఇటు వచ్చింది. 1941 డిసెంబరులో జపానువాళ్ళు రంగూను మీద బాంబులు వెయ్యడంతో ఆ రాకపోకలు తెగిపోయాయి. ఆ తర్వాత బర్మా నుంచి తిరిగొచ్చిన కుటుంబాల పేరు మీదే విశాఖలో బర్మా క్యాంపు వెలిసింది.

మా తాత ఆ చెక్కతో పని చేసిన వడ్రంగి, మా నాన్న కూడా వడ్రంగే. నేను విశాఖలో అల్యూమినియం కిటికీలు, తలుపులు చేస్తాను. రెండు పనులూ నా చేతుల మీదుగా నడిచాయి గనక ఇది రాస్తున్నాను. మన దగ్గర కిటికీ ఎలా చేశారన్నది కొంతమందైనా రాసి పెట్టారు. దాన్ని ఎలా కాపాడుకున్నారన్నది రాసింది మాత్రం నాకెక్కడా కనబడలేదు. నా లెక్కలో అసలు విద్య అదే.

బర్మా దుంగ మంచిదని తాత ఊరికే అనేవాడు కాదు. పచ్చి టేకు నీళ్ళలో తేలదు. అందుకని అక్కడ చెట్టు మొదట్లో చుట్టూ బెరడూ, దాని కింద తెల్లచెక్కా గాడిలా తీసేసి, చెట్టుని నిలువునా రెండు మూడేళ్ళు ఎండనిచ్చి అప్పుడు కొట్టేవారు. తర్వాత ఏనుగులతో వాగుల్లోకి లాగించి, ఐరావతి మీదుగా తెప్పలు కట్టి దింపేవారు. రేవులో దిగేసరికే అది ఎండిన చెక్క. అలాంటి చెక్కతో చేసిన తలుపు వానాకాలంలో ఉబ్బి గుమ్మానికి పట్టెయ్యదు. మన గోదావరి టేకూ తక్కువదేం కాదు. భద్రాచలం వైపు నుంచి తెప్పల మీద రాజమండ్రి దిగేది. కానీ 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చాక కొండల్లో వాళ్ళకి వాళ్ళ చెట్టే దూరమైంది. మన్యంలో అల్లూరి సీతారామరాజు 1922లో లేవదీసిన పోరాటానికి ఆ అడవి ఆంక్షలు కూడా ఒక కారణం. మా వీధుల్లో నిలబడ్డ గుమ్మాల వెనక ఆ బాధ కూడా ఉంది.

ఇక కాపాడుకోవడం సంగతి. టేకు చేవలో సహజంగానే నూనె ఉంటుంది, చెదకి గిట్టని పదార్థం ఉంటుంది. అయినా పడమటి ఎండ, సముద్రపు గాలి ఆ నూనెని పైపైన లాగేస్తాయి. రంగు బూడిద రంగుకి తిరుగుతుంది, నార పైకి లేస్తుంది. మా నాన్న ఏటా సంక్రాంతి ముందు కొన్ని ఇళ్ళకి వెళ్ళి తలుపులకి నూనె పట్టించేవాడు. ధనుర్మాసమే ఎందుకంటే అప్పటికి వానలు వెళ్ళిపోయి గాలిలో చెమ్మ తగ్గుతుంది, చెక్క పొడిగా ఉంటుంది, పండక్కి ఎలాగూ ఇల్లంతా దులుపుతారు. ముందు తడిగుడ్డతో తుడిచి ఒక రోజు ఆరనిచ్చేవాడు. గరుకు కాగితంతో నార వెంబడే రుద్దేవాడు తప్ప అడ్డంగా ఎప్పుడూ రుద్దేవాడు కాదు. అవిసె నూనెలో కొంచెం టర్పెంటైను కలిపి, పాత పంచె ముక్కతో మొదటి పూత పూసేవాడు. "ఇంకా తాగుతోంది" అంటూ రెండో పూతా, మూడో పూతా వేసేవాడు. తలుపు పైఅంచు, కింది అంచు, అంటే ఎవరికీ కనిపించని చోట్లు, ముందు పూసేవాడు. నార కొసలు తెరుచుకుని ఉండేది అక్కడే, నీళ్ళు లోపలికెక్కేదీ అక్కడే. ఇవాళ లక్షలు పోసి చేయించిన తలుపుల్లో కూడా ఆ కింది అంచుకి పాలిష్ ఉండదు. అద్దం ముక్క ఒకటి కిందికి పెట్టి చూస్తే తెలిసిపోతుంది.

పని అయ్యాక ఆ నూనె గుడ్డల్ని కుప్పగా పడెయ్యనిచ్చేవాడు కాదు. ఒక్కొక్కటీ విప్పి నూతి గట్టు మీద పరిచేవాడు. అవిసె నూనె ఆరడమంటే గాలిలో ప్రాణవాయువుతో కలిసి గట్టిపడటం. అప్పుడు వేడి పుడుతుంది. కుప్పలో ఆ వేడి బయటికి పోలేక గుడ్డ దానంతటదే అంటుకుంటుంది. నాన్నకి ఈ రసాయనం తెలియదు, కానీ ఎలా అంటుకుంటుందో తెలుసు.

అద్దాల కిటికీలకి పుట్టీ కూడా ఇంట్లోనే కలిపేవాళ్ళం. సుద్దపొడిలో అవిసె నూనె పోసి చపాతీ పిండిలా పిసకడం పిల్లల పని. తలుపు బందులకీ, గొళ్ళేనికీ ఆముదం. బందులే లేని పాత తలుపులు కూడా ఉండేవి. రెక్కకే పైనా కిందా పొడుచుకొచ్చిన ముక్కు గుంటలో తిరిగేది. దానికీ ఆముదమే.

ఇవి వడ్రంగి చేసే పనులు. ఇంటి ఆడవాళ్ళు చేసింది దీనికన్నా తక్కువేమీ కాదు. శుక్రవారం శుక్రవారం గడప కడిగి, తుడిచి, పసుపు రాసి బొట్లు పెట్టడం పూజ కిందే లెక్క. పసుపుకి పురుగుని కొంత దూరం పెట్టే గుణం ఉన్నమాట నిజమే. ఇంటి తాలూకు చెక్కలో అన్నిటికన్నా ఎక్కువ దెబ్బతినేది గడప. నేలకి ఆనుకుని ఉంటుంది, కాళ్ళు తగులుతాయి, నీళ్ళు పడతాయి, చెద మొదట ఎక్కేది కూడా అక్కడే. ఆ గడపని వారానికోసారి ఒక మనిషి వంగి, చేత్తో తడిమి, దగ్గర నుంచి చూసేది. మట్టి గీత ఒక్కటి పైకి పాకినా ఆ శుక్రవారమే తెలిసిపోయేది. పసుపు చేసిన మేలు ఎంతైనా, వారం వారం ఆ చూపు చేసిన మేలు దానికి మించినదని నేను గట్టిగా నమ్ముతాను. టైల్స్ గచ్చులో గడప లేని ఇళ్ళు వచ్చాక పూజ చోటు మారింది, ఆ చూపు పోయింది.

రంగుల డబ్బాలు ఈ కథలో మధ్యలో వస్తాయి. షాలిమార్ 1902లో, ఏషియన్ పెయింట్స్ 1942లో మొదలైన కంపెనీలు. నేను పుట్టేనాటికి కిటికీలన్నీ ఆకుపచ్చ ఎనామిలే. ఏటా నూనె పట్టించే శ్రమ తప్పుతుందని జనం సంతోషపడ్డారు. రంగు మంచిదే. కానీ అది పగిలిన చోట నీరు లోపలికి దూరితే మళ్ళీ బయటికి రానివ్వదు. పైన నిగనిగలాడుతూ లోపల గుల్లయిపోయిన కిటికీ కమ్ముల్ని నాన్న ఉలి మొనతో పొడిచి చూపించేవాడు.

అల్యూమినియం మన వైపు మొదట గిన్నెల రూపంలో వచ్చింది. ఆల్ఫ్రెడ్ చాటర్టన్ అనే ఆయన 1898లో మద్రాసు ఆర్ట్స్ స్కూల్లో అల్యూమినియం పాత్రల తయారీ మొదలుపెట్టాడు. 1943లో కేరళలోని అలుపురంలో లోహాన్నే తీయడం మొదలైంది. 1962లో రేణుకూట్‌లో హిందాల్కో కర్మాగారం, 1981లో నాల్కో కంపెనీ వచ్చాయి. కోరాపుట్ కొండల్లో బాక్సైట్ తవ్వి నాల్కో తీసే అల్యూమినా రైల్లో దిగి విశాఖ రేవు నుంచే ఓడలెక్కుతుంది. అరకు, చింతపల్లి కొండల్లో అదే బాక్సైట్ కోసం తవ్వుతామంటే గిరిజనులు ఏళ్ళ తరబడి అడ్డం నిలబడ్డారు. టేకు విషయంలో జరిగిందే మళ్ళీ జరుగుతుందని వాళ్ళకి తెలుసు.

కిటికీకి ఈ లోహం పనికొచ్చిందంటే దాని మీది పొర వల్ల. గాలి తగలగానే అల్యూమినియం మీద సన్నని ఆక్సైడు పొర దానంతటదే ఏర్పడుతుంది. దాన్ని కరెంటుతో దట్టం చెయ్యడమే అనోడైజింగ్. 1923లో ఇంగ్లండులో సముద్రం మీద వాలే విమానాల భాగాల్ని ఉప్పునీటి నుంచి కాపాడటానికి మొదట వాడారు. మా షాపులో ‘సిల్వర్’, ‘బ్రాంజ్’ అని కస్టమర్లు రంగులు చూసుకుంటారు. నేను పొర ఎన్ని మైక్రాన్లని అడుగుతాను. సముద్రం పక్కన 25 మైక్రాన్లు ఉండాలి. మైక్రానంటే మిల్లీమీటరులో వెయ్యోవంతు. ఆ పొర నిలిచినంత కాలమే కిటికీ.

ఈ కిటికీలు మా ఊళ్ళో ఇంటింటికీ పాకినప్పుడు వాటితోపాటు ఒక మాట కూడా పాకింది, "దీనికి మెయింటెనెన్సే అక్కర్లేదు" అని. ఈ పనిలో నేను విన్న మాటలన్నిటిలో ఎక్కువ నష్టం చేసింది అదే. చెక్కకి ఏం చెయ్యాలో చెప్పడానికి ఇంట్లో అమ్మమ్మ ఉండేది. అల్యూమినియానికి చెప్పేవాళ్ళు లేరు. అందుకని తెలిసిన అలవాట్లనే దానికీ తగిలించారు. ఇత్తడిని తోమినట్టు చింతపండుతో తోమారు, బాత్రూము కడిగే యాసిడ్ పోశారు, ఇనప పీచుతో రుద్దారు. పండక్కి సున్నం వేస్తూ కారిన చుక్కల్ని మర్నాటికి వదిలేశారు. యాసిడూ, సున్నమూ రెండూ ఆ పొరని తినేస్తాయి. సున్నపు చుక్క పడి ఆరిన చోట తెల్లటి మచ్చ లోహంలోకే దిగిపోతుంది, ఎంత తుడిచినా పోదు. తడి సిమెంటుదీ అదే గుణం. అందుకే పూత పని అయ్యాక గానీ మా కుర్రాళ్ళు ఫ్రేము బిగించరు. ఇనప పీచు సన్న ముక్కలు గీతల్లో ఇరుక్కుని తుప్పు పట్టి, కిటికీకే తుప్పొచ్చినట్టు కనబడుతుంది.

నిజానికి దీనికి కావలసింది చాలా కొద్ది. మంచినీళ్ళు, నాలుగు చుక్కల మెత్తటి సబ్బు, మెత్తని గుడ్డ, చివర్న పొడిగుడ్డ. బీచి రోడ్డు వైపు నెలకోసారి ఉప్పు కడిగెయ్యాలి. వాన తగలని పైఅంచు కింద ఉప్పు మరీ పేరుకుంటుంది. ట్రాకులో ఇసుక బ్రష్షుతో తీసి, ఫ్రేము అడుగున నీళ్ళు పోవడానికి పెట్టిన కన్నాలు మూసుకుపోకుండా చూసుకోవాలి. కస్టమరు వంగి ఆ కన్నాలు చూసే దాకా నేను డబ్బు పుచ్చుకోను.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ మీద తీరం దాటింది. ఆ తర్వాత నెలల తరబడి మాకు నిద్ర లేదు. అద్దాలు పగలడం అందరూ చూశారు. నేను చూసింది ఫ్రేములకి ఫ్రేములు గోడ వదిలి వచ్చెయ్యడం. విప్పి చూస్తే చాలాచోట్ల ఇనప స్క్రూలు. ఉప్పు తడిలో ఇనుమూ అల్యూమినియమూ తగిలి ఉంటే రెండిట్లో అల్యూమినియం ముందు తరిగిపోతుంది. స్క్రూ చుట్టూ తెల్లటి పొడి, ఆ పొడి వెనక పెద్దదైపోయిన బెజ్జం. పొడి బయటికి కనిపించేదే. దాన్ని ఏళ్ళుగా ఎవరూ చూడలేదు.

కొన్నేళ్ళుగా భీమిలి రోడ్డులో పెద్ద విల్లాలకి లోపల చెక్క, బయట అల్యూమినియం ఉన్న కిటికీలు వస్తున్నాయి. ఇవి చలి దేశాల్లో పుట్టినవి. అల్యూమినియం చెక్క కన్నా వెయ్యి రెట్లకు పైగా వేడిని దాటిస్తుంది, అంటే మంచు కురిసే చోట లోపలి వైపు ఫ్రేము చెమరుస్తుంది. అందుకని గదిలోకి చెక్క, వానకి లోహం. రెండూ గట్టిగా అంటుకుని ఉండకూడదు. ఎండకి అల్యూమినియం నిడివిలో సాగుతుంది, చెమ్మకి చెక్క అడ్డంగా ఉబ్బుతుంది. అందుకని మధ్యలో ప్లాస్టిక్ క్లిప్పులు పెట్టి, గాలి ఆడటానికి సన్నని సందు వదులుతారు. ఒక ఇంట్లో మాకన్నా ముందు వచ్చిన మనుషులు ఆ సందు చూసి లోపమనుకుని చుట్టూ సిలికాను కొట్టేశారు. రెండు వానాకాలాలు గడిచాక నన్ను పిలిచారు. అల్యూమినియం తొడుగు ఊడదీస్తే వెనక చెక్క నల్లబడి, గోరుతో గీస్తే తడి పొట్టుగా రాలింది. నేను అక్కడే కూర్చుండిపోయాను. మా నాన్న ఉలి మొనతో చూపించిన గుల్లే అది, పైన రంగుకి బదులు లోహం.

బర్మా ప్రభుత్వం 2014 ఏప్రిల్ నుంచి టేకు దుంగల ఎగుమతి ఆపేసింది. ఇప్పుడు మాకు దొరికే పాత బర్మా టేకు కూలగొట్టిన ఇళ్ళదే. రాజమండ్రి, కాకినాడ నుంచి ఆ గుమ్మాలు, వాసాలు తెప్పించి, ఆకుపచ్చ ఎనామిలు గీకించి, మేకులు ఏరించి కోయిస్తాను. చిత్రిక ఒక్కసారి నడిస్తే చాలు, తేనెరంగు బయటపడుతుంది. ఆ చెక్కతో లోపలి ఫ్రేము, బయట 25 మైక్రాన్ల అల్యూమినియం తొడుగు, అన్నీ స్టెయిన్‌లెస్ స్క్రూలు, మధ్యలో సందు. ఇలా భీమిలిలో ఒక ఇంటికి చేసి బిగించాం. ఇంటావిడ "ఏం చెయ్యాలో అన్నీ రాసివ్వు బాబూ" అంటే ఒక కాగితం మీద రాసి ఇచ్చాను. బయట నెలకోసారి సబ్బునీళ్ళు, లోపల ఏటా ధనుర్మాసంలో అవిసె నూనె, నీళ్ళ కన్నాలు వానలకి ముందోసారి, తర్వాతోసారి. మొదటి వానాకాలం దాటింది. కార్తీకంలో వెళ్ళి కింది రెండు తొడుగులు ఊడదీసి చెక్క చూడాలి.