ఇంజనుకు తగిన స్టార్టరు

మిర్యాలగూడకు సమీపమున ఉన్న వేములపల్లి నాగార్జునసాగర్ ఎడమ కాలువ ఆయకట్టులోని ఊరు. 1967 ఆగస్టు 4వ తేదీన సాగరు కాలువలకు నీరు విడిచిన పిమ్మట ఈ ప్రాంతమున వరిసేద్యము విస్తరించినది. కాలువ నీరు అందిన దినములలోనే దమ్ము చేసి నాటు వేయవలెను. ఎడ్లు చేయు ఆ పనిని క్రమముగా ట్రాక్టరు చేపట్టినది. అట్టి అదనులో మీట నొక్కగా ఇంజను కదలక, లోపల గరగరమను చప్పుడు మాత్రము వినవచ్చినచో, మడిలో నారు ముదిరిపోవునను దిగులు రైతును పట్టుకొనును. ఆ చప్పుడు స్టార్టరు మోటారు పళ్ళును ఫ్లైవీలు పళ్ళును కలియు చోట పుట్టును. ఆ రెండింటికి పొత్తు కుదిరిన విధము తెలిసికొనదగినది.

ఆవిరి యంత్రమునకు ఆవిరిని విడిచిన చాలును, అది తానై కదలును. ఆయిలు ఇంజను అట్టిది కాదు. అది మొదట గాలిని పీల్చి, అదిమి, ఆ పిమ్మటగాని ఇంధనమును మండించుకొనజాలదు. కావున తొలి చుట్లు ఇతరులెవరైనను త్రిప్పవలెను. బావులపై నీరు తోడు పాత ఆయిలు ఇంజన్లకు ఈ పని మనుష్యుని చేయియే చేసినది. కవాటమును తెరచియుంచు మీటను ఎత్తిపెట్టి, హేండిలుతో బరువైన ఫ్లైవీలును వడిగా త్రిప్పి, మీటను దించెడివారు. చక్రములో నిలువయున్న శక్తి తొలి అదుమును దాటించెడిది. మోటారు కార్లలో ఈ పని ప్రమాదకరము. ఇంధనము వేళకు ముందుగా మండినచో హేండిలు వెనుకకు తన్ని మణికట్టును విరిచెడిది.

అమెరికాలో కాడిలాక్ కార్ల సంస్థ అధిపతి హెన్రీ లీలండ్ కోరికపై చార్లెస్ కెటరింగ్ ఈ చిక్కును విప్పెను. ఆయన అంతకుముందు దుకాణములలోని నగదు పెట్టెకు విద్యుత్ మోటారు అమర్చినవాడు. నిరంతరము పనిచేయించినచో కాలిపోవు చిన్న మోటారైనను, కొద్ది క్షణముల పాటు తన శక్తికి మించిన బరువును మోయగలదని ఆయన గ్రహించెను. 1912 సంవత్సరపు కాడిలాక్ కార్లు ఈ స్టార్టరుతో వెలువడినవి.

అయినను చిన్న మోటారు పెద్ద ఇంజనును త్రిప్పుటకు పళ్ళ సహాయము కావలెను. ఫ్లైవీలు అంచున 130 పళ్ళును, మోటారు పినియనుకు 10 పళ్ళును ఉన్నవనుకొందము. మోటారు 13 చుట్లు తిరిగినపుడు ఇంజను ఒక చుట్టు తిరుగును. త్రిప్పు బలము ఇంచుమించు 13 రెట్లగును. కాని ఇంజను అంటుకొని నిమిషమునకు 1000 చుట్లు తిరిగినంతనే, పళ్ళు విడివడనిచో అదే లెక్క తలక్రిందులై మోటారును 13,000 చుట్లు త్రిప్పును. అంత వేగమునకు మోటారు చుట్లతీగలు చెదరిపోవును. విన్సెంట్ బెండిక్స్ పినియనును మరలుకడ్డీపై ఎక్కించి దీనికి ఉపాయము చూపెను. మోటారు హఠాత్తుగా తిరుగగా పినియను జడత్వముచే వెనుకబడి, నట్టువలె ముందుకు ప్రాకి, ఫ్లైవీలు పళ్ళను పట్టును. ఇంజను వేగము హెచ్చగా అదే మరపై వెనుకకు జారును. తరువాతి కాలమున పినియనును విద్యుదయస్కాంతము ముందుగా పళ్ళలోనికి నెట్టి, ఆపైన మోటారును త్రిప్పు పద్ధతి వ్యాపించినది.

ఇంజనును మార్చక స్టార్టరును తగిలించుట సులభము కాదని ఫోర్డు సంస్థకు అనుభవమునకు వచ్చినది. మోడల్ టి కారు 1908 నుండి హేండిలుతోనే నడచినది. 1919లో స్టార్టరు పెట్టదలచినపుడు ఫ్లైవీలుకు పళ్ళ వలయము చేర్చి, గేర్ల పెట్టె మూతను మార్చి, బ్యాటరీని నింపు డైనమోకై సిలిండరు బ్లాకు పోతను కూడ సవరింపవలసి వచ్చినది.

ఒకే బ్లాకుకు రెండు ఫ్లైవీళ్ళున్నపుడు చిక్కు మరింత స్పష్టమగును. 1955లో వెలువడిన షెవర్లే వి-8 ఇంజను వంశమున 153 పళ్ళ ఫ్లైవీలును, 168 పళ్ళ ఫ్లైవీలును వాడుకలోనికి వచ్చినవి. మొదటిది సుమారు 12¾ అంగుళములు, రెండవది 14 అంగుళములు. చక్రము పెద్దదైన కొలది మోటారు దూరముగా జరుగవలెను గనుక, చిన్నదాని స్టార్టరు బోల్టులు ఒకే వరుసను, పెద్దదాని బోల్టులు ఏటవాలుగను ఉండును. బ్లాకు ఒకటే గదా యని ఒకదానికి మారుగా వేరొకటి బిగించినచో, పళ్ళు అందవు, లేదా ఒరసికొని విరుగును. పళ్ళ పరిమాణము, తిరుగు దిక్కు, వోల్టుల సంఖ్య కూడ సరిపోవలెను. డీజిలు ఇంజను గాలిని 16 రెట్లకు మించియు అదుమును గనుక, పెట్రోలు ఇంజను స్టార్టరు బలము దానికి చాలదు. మన దేశమున స్టార్టర్లు తయారుచేయు లూకాస్-టి.వి.యస్. సంస్థ 1961లో మద్రాసున ఏర్పడినది.

అన్నియు సరిపోయినను కాలము పళ్ళను తినును. అన్నిచోట్ల సమముగా మాత్రము తినదు. నాలుగు సిలిండర్ల ఇంజను ఆగునపుడు ఏదో ఒక సిలిండరులోని గాలి అదుము దానిని అడ్డగించును గనుక, ఫ్లైవీలు ఇంచుమించు రెండు ఎదురెదురు స్థానములలోనే నిలుచును. స్టార్టరు ప్రతిసారియు అచటి పళ్ళనే కొట్టుటచే ఆ రెండు చోట్లనే అవి అరుగును. అందుచేత వలయము వేరుగా తొడిగినదైనచో, మెకానిక్కులు దానిని కాచి, వ్యాకోచింపజేసి ఊడదీసి, పావు చుట్టు త్రిప్పి తిరిగి తొడుగుట కలదు. అంతట అరుగని పళ్ళు పనిలోనికి వచ్చును.

దమ్ము వేళ గరగర వినబడినపుడు క్రొత్త స్టార్టరు కొనిన రైతు ఫ్లైవీలును చూడనిచో, అరిగిన పళ్ళు క్రొత్త పినియనును కూడ తినివేయును. ఒకప్పుడు ఇంజను మొండికెత్తినచో త్రిప్పువాని మణికట్టుకే తెలిసెడిది. చేయి తప్పుకొన్న పిమ్మట ఆ తెలివిని పళ్ళ లెక్కయు కొలబద్దయు మోయవలసి వచ్చినది.