ఒక ఘడియ ముందు నడిచిన నగరం

మీకొక చిన్న చిక్కు లెక్క. 1935వ సంవత్సరం అనుకోండి. మీరు రాజమండ్రిలో హౌరా మెయిలు ఎక్కారు. ఒడిశా మీదుగా సుదీర్ఘ ప్రయాణం చేసి హౌరాలో దిగారు. స్టేషనులో వేలాడే పెద్ద గడియారం సరిగ్గా పది గంటలు చూపిస్తోంది. మీ చేతి గడియారంలోనూ పదే. కూలీ చేత సామాను మోయించుకుని, హుగ్లీ నది మీది తేలే వంతెన దాటి, అవతలి ఒడ్డున కలకత్తాలో అడుగుపెట్టారు. దానికి పావుగంట పట్టింది. ఇప్పుడు ఊళ్ళో గడియారం ఎంత చూపిస్తుంది?

పదింబావు అంటారా? కాదు. పది గంటల ముప్ఫై ఎనిమిది నిమిషాలు!

మీ గడియారం చెడిపోలేదు, ఊరి గడియారమూ చెడిపోలేదు. మీరు దాటింది నదిని మాత్రమే కాదు, ఒక కాలం నుంచి మరో కాలంలోకి దాటారు. హౌరాలో రైళ్ళు 'భారత ప్రామాణిక కాలం' ప్రకారం నడిచేవి. నది అవతల నగరం 'కలకత్తా కాలం' ప్రకారం నడిచేది. రెంటికీ తేడా 23 నిమిషాల 20 సెకన్లు. జనం వాడుకలో దాన్ని 24 నిమిషాలుగా చెప్పుకునేవారు. (ఈ తేడాని మరిచిపోయిన కలకత్తా వాసికి వచ్చిన నష్టమేమీ లేదు. రైలుకి 24 నిమిషాలు ముందుగా వచ్చి కూర్చునేవాడు. చిక్కల్లా మీలాగా బయటినుంచి వెళ్ళి, పదిన్నరకి ఆఫీసులో ఎవరినో కలవవలసిన వాళ్ళకే!)

ఈ 23 నిమిషాల 20 సెకన్లు ఎక్కడినుంచి వచ్చాయి? లెక్క చాలా సులువు. భూమి తన చుట్టూ తాను 360 డిగ్రీలు తిరగడానికి 24 గంటలు పడుతుంది. అంటే ఒక డిగ్రీకి 4 నిమిషాలు. కలకత్తా ఉన్నది తూర్పు రేఖాంశం 88 డిగ్రీల 20 నిమిషాల దగ్గర. నాలుగుతో హెచ్చిస్తే గ్రీనిచ్ కంటే 5 గంటల 53 నిమిషాల 20 సెకన్లు ముందు. భారత ప్రామాణిక కాలానికి ఆధారం 82½ డిగ్రీల రేఖాంశం. అది గ్రీనిచ్ కంటే అయిదున్నర గంటలు ముందు. మొదటి దానిలోంచి రెండోది తీసేయండి, సరిపోయిందా?

అన్నట్టు ఆ 82½ డిగ్రీల రేఖ మన తెలుగు నేల మీదుగానే సముద్రంలోకి దిగుతుంది. తుని పట్టణం దానికి బాగా దగ్గర. దేశం మొత్తం తమ గడియారం ప్రకారం నడుస్తోందని తునివాళ్ళు కాస్త గర్వంగా చెప్పుకోవచ్చు. పాఠ్యపుస్తకాలు మాత్రం మీర్జాపూరు పేరు చెప్పి ఊరుకుంటాయి.

ఇంకో తమాషా చూడండి. 24 నిమిషాలు అనగానే మీ ఇంట్లో పెద్దవాళ్ళకి ఏదో తట్టాలి. ఇంట్లో పంచాంగం ఉంటే తీసి చూడండి. రోజుకి 60 ఘడియలు. 24 గంటల్ని 60తో భాగిస్తే ఒక ఘడియకి సరిగ్గా 24 నిమిషాలు! అంటే కలకత్తా నగరం మిగతా దేశం కంటే సుమారు ఒక ఘడియ ముందు నడిచిందన్నమాట. ఇందులో రహస్యమేమీ లేదు, ఒట్టి కాకతాళీయం. ఘడియకి భూమి 6 డిగ్రీలు తిరుగుతుంది. కలకత్తాకీ, ప్రామాణిక రేఖకీ మధ్య దూరం 5 డిగ్రీల 50 నిమిషాలు. అంతే.

ఆ ఘడియని కొలిచిన తీరు కూడా కలకత్తాలోనే అచ్చులోకి ఎక్కింది. 1784లో విలియం జోన్స్ స్థాపించిన ఏషియాటిక్ సొసైటీ ప్రచురించిన పరిశోధన సంపుటాలలో, జాన్ గిల్‌క్రిస్ట్ అనే ఆయన హిందుస్థానంలో కాలం ఎలా కొలుస్తారో వర్ణిస్తూ ఒక పెద్ద వ్యాసం రాశాడు. అడుగున సన్నని చిల్లి ఉన్న పల్చని లోహపు గిన్నెని నీటి తొట్టిలో తేలవేస్తారు. చిల్లిలోంచి నీళ్ళు ఎక్కి గిన్నె నెమ్మదిగా మునుగుతుంది. మునిగిందంటే ఒక ఘడియ అయింది. పక్కన కూర్చున్న మనిషి వేలాడదీసిన కంచుపళ్ళాన్ని సుత్తితో కొట్టి, గిన్నెని మళ్ళీ తేలవేస్తాడు. మన 'గడియారం' అన్న మాట ఆ గిన్నె దగ్గరనుంచి వచ్చిందే. చేతికి కట్టుకున్న క్వార్ట్‌జ్ వాచీలో నీళ్ళూ లేవు, గిన్నే లేదు. పేరు మాత్రం మిగిలింది.

ఆ రోజుల్లో ప్రతి ఊరికీ తన సొంత మధ్యాహ్నం ఉండేది. ఆ ఊళ్ళో సూర్యుడు నడినెత్తికి వస్తే అదే పన్నెండు. విశాఖపట్నంలో పన్నెండు అయినప్పుడు హైదరాబాదులో ఇంకా పదకొండూ నలభై అయి ఉంటుంది. అయితే ఏం? విశాఖ నుంచి హైదరాబాదుకి ఎడ్లబండి మీద వెళ్ళేవాడికి ఇరవై నిమిషాల తేడా ఒక లెక్కా? మన జ్యోతిష గ్రంథకర్తలకి ఈ సంగతి బాగా తెలుసు. ఉజ్జయిని మీదుగా పోయే రేఖని మూలంగా పెట్టుకుని, ఏ ఊరికి ఎంత సవరణ చెయ్యాలో 'దేశాంతరం' పేరుతో లెక్క కట్టేవారు. కానీ అది పంచాంగకర్తల గొడవ. సామాన్యుడికి ఆ అవసరం రాలేదు.

అవసరం తెచ్చిపెట్టింది రైలు. 1854 ఆగస్టు 15న హౌరా నుంచి హుగ్లీకి తొలి ప్రయాణికుల రైలు బయలుదేరింది. 24 మైళ్ళ దూరం, 91 నిమిషాల ప్రయాణం. ఆ కాస్త దూరానికి ఏ చిక్కూ లేదు. రైలు పట్టాలు కలకత్తా నుంచి బొంబాయి దాకా పరుచుకున్నాక అసలు చిక్కు మొదలైంది. కలకత్తా గడియారానికీ, బొంబాయి గడియారానికీ గంటా రెండు నిమిషాల తేడా. ఒకే పట్టాల మీద ఎదురెదురుగా వచ్చే రెండు రైళ్ళు రెండు వేర్వేరు గడియారాలని నమ్ముకుంటే ఏమవుతుందో మీరే ఊహించండి!

అందుకని రైళ్ళవాళ్ళు 1870 ప్రాంతం నుంచి ఒక మధ్యే మార్గం ఎన్నుకున్నారు. అది మద్రాసు కాలం. అది కలకత్తా కంటే 32 నిమిషాలు వెనక, బొంబాయి కంటే 30 నిమిషాలు ముందు. ఇంచుమించు నట్టనడుమ! పైగా మద్రాసులో ఈస్టిండియా కంపెనీ వారి వేధశాల ఉంది. నక్షత్రాలని చూసి గడియారాలని సరిచేసే నిపుణులు అక్కడ ఉన్నారు. ఆ వేధశాలలో దూరదర్శినిని నిలబెట్టిన పెద్ద గ్రానైటు స్తంభం ఇప్పటికీ చెన్నైలోని నుంగంబాక్కంలో ఉంది. దాని బరువు సుమారు పది టన్నులు. 1792 నాటి ఆ స్తంభం మీద చెక్కిన భాషలలో తెలుగు కూడా ఒకటి. భారతదేశపు రైళ్ళని మూడు దశాబ్దాలకి పైగా నడిపించిన కాలానికి ఒక తెలుగు శాసనం సాక్షిగా ఉందని మనలో ఎంతమందికి తెలుసు?

1884 అక్టోబరులో వాషింగ్టన్‌లో 25 దేశాల ప్రతినిధులు సమావేశమై గ్రీనిచ్ రేఖని ప్రపంచానికి మూలరేఖగా ఒప్పుకున్నారు. ఫ్రాన్సు ఎటూ ఓటు వెయ్యకుండా కూర్చుంది. దాని తరవాత ఒక్కొక్క దేశమే గ్రీనిచ్ నుంచి గంటల్లోనో అరగంటల్లోనో లెక్క కుదిరేలా తన గడియారాన్ని సవరించుకుంది. మద్రాసు కాలం గ్రీనిచ్ కంటే 5 గంటల 21 నిమిషాలు ముందు. అలాంటి బెత్తెడు లెక్క ఇక పనికిరాదు. దాన్ని తొమ్మిది నిమిషాలు ముందుకి జరిపితే అయిదున్నర. అలా 1906 జనవరి 1న భారత ప్రామాణిక కాలం పుట్టింది.

ఇక్కడే కథ మలుపు తిరిగింది. అప్పుడు భారతదేశానికి రాజధాని ఏది? కలకత్తా! (రాజధానిని ఢిల్లీకి మారుస్తున్నట్టు ప్రకటించింది 1911లో.) రాజధానిలో కూర్చున్న ప్రభుత్వం దేశమంతటికీ ఒక కాలాన్ని నిర్ణయించింది. రైళ్ళూ, తంతి కార్యాలయాలూ దానిని పాటించాయి. ప్రభుత్వం కాపురమున్న ఊరు మాత్రం దానిని పక్కకి పెట్టి తన పాత కాలాన్నే అంటిపెట్టుకుంది. బొంబాయి కూడా అంతే. ఫోర్ట్ విలియం కోటలో పేలే ఫిరంగి చప్పుడు విని గడియారాలు సరిచేసుకునే అలవాటున్న జనానికి, మరెక్కడో 82½ డిగ్రీల మీద పోయే కనపడని గీతతో పనేమిటి?

ఇది ఒట్టి మొండితనం అని కొట్టిపారెయ్యకండి. కలకత్తాలో నవంబరు చివర సూర్యుడు ప్రామాణిక కాలం ప్రకారం సాయంత్రం అయిదు కాకముందే, ఇంకా పది నిమిషాలకి పైగా ఉండగానే అస్తమిస్తాడు. అదే కలకత్తా కాలంలో అయితే అయిదుంబావు దగ్గరకి వస్తుంది. అయిదింటికి ఆఫీసు వదిలిన గుమాస్తా వెలుతురు ఉండగా ట్రాము ఎక్కగలడు. ఈ తేడా దీపాలకయ్యే ఖర్చులో తెలుస్తుంది, పిల్లలు ఆడుకునే వేళలో తెలుస్తుంది. ఊరి గడియారం వెనక అంత లెక్క ఉందని నా అభిప్రాయం.

సూర్యుడే సరైన గడియారం అనుకుంటే అదీ పొరపాటే. భూమి కక్ష్య పూర్తి వృత్తం కాదు, దాని అక్షం వాలి ఉంది. ఈ రెండు కారణాల వల్ల సూర్యుడు నవంబరు మొదట్లో మన గడియారం కంటే 16 నిమిషాలు ముందుంటాడు, ఫిబ్రవరి నడుమ 14 నిమిషాలు వెనకబడతాడు. అందుచేత 'కలకత్తా కాలం' కూడా ఏడాది పొడవునా తీసిన సగటే. కావాలంటే మీరే పరీక్ష చేయవచ్చు. ఎండలో ఒక కర్ర నిలువుగా పాతి, దాని నీడ అన్నిటికంటే పొట్టిగా ఉన్న క్షణంలో గడియారం చూడండి. ఏడాది సగటున హైదరాబాదులో అది 12 గంటల 16 నిమిషాలకి వస్తుంది, కోల్‌కతాలో 11 గంటల 37 నిమిషాలకి. ఒకటి రెండు రోజులు చూసి ఊరుకోకండి, నెలకొకసారి చొప్పున ఏడాది పాటు రాసి పెట్టండి. సూర్యుడి నడకలోని హెచ్చుతగ్గులు మీ నోటుపుస్తకంలోనే కనిపిస్తాయి.

రెండో ప్రపంచ యుద్ధం ఈ గందరగోళాన్ని ఇంకాస్త పెంచింది. పగటి వెలుతురు వాడుకోవడం కోసం 1942 సెప్టెంబరు 1 నుంచి 1945 అక్టోబరు 15 దాకా దేశమంతటా గడియారాలని ఒక గంట ముందుకి జరిపారు. ఆ మూడేళ్ళ మధ్యలో, 1943 ఫిబ్రవరిలో, హౌరా కొత్త ఉక్కు వంతెన తెరిచారు. స్వాతంత్ర్యం వచ్చాక 1948లో కలకత్తా తన సొంత కాలాన్ని వదులుకుంది. 42 ఏళ్ళ తరవాత హౌరా గడియారం, ఊరి గడియారం ఒకే మాట చెప్పడం మొదలుపెట్టాయి. బొంబాయి ఇంకో ఏడేళ్ళు ఆగింది, 1955 దాకా!

గడియారం తరవాత కేలండరు వంతు. 1952లో తిథి వార పక్షాల తగువులు తీర్చడానికి ప్రభుత్వం ఒక సంఘాన్ని వేసింది. దానికి అధ్యక్షుడు కలకత్తాకి చెందిన మహా భౌతిక శాస్త్రవేత్త మేఘనాథ్ సాహా. దేశంలో అప్పుడు 30 రకాల కేలండర్లు వాడుకలో ఉన్నాయి. ఆ సంఘం సిఫారసు చేసిన శక కేలండరు 1957 మార్చి 22న అమలులోకి వచ్చింది. లెక్కలన్నిటికీ ఒక కేంద్రస్థానం కావాలి కదా! దానికి అక్షాంశాన్ని ప్రాచీనుల ఉజ్జయిని నుంచీ, రేఖాంశాన్ని ఆధునికుల 82½ డిగ్రీల నుంచీ తీసుకున్నారు. ఆ రెండూ కలిసే చోటు ఉజ్జయినీ కాదు, కలకత్తా అసలే కాదు, నేటి ఛత్తీస్‌గఢ్ ఉత్తర భాగంలో ఉంది. కలకత్తా కాలం పోయిన కొద్ది ఏళ్ళకే ఒక కలకత్తా ప్రొఫెసరు నాయకత్వంలో ఈ నిర్ణయం జరగడం నాకు ఎప్పుడూ ముచ్చటగా అనిపిస్తుంది.

తగువు అంతటితో తీరిందా? లేదు, ఇంకొంచెం తూర్పుకి జరిగింది. మన దేశం తూర్పు కొసకీ పడమటి కొసకీ మధ్య 29 డిగ్రీల దూరం, అంటే దాదాపు రెండు గంటలు. అస్సాం తేయాకు తోటల్లో బ్రిటిషు వారి నాటి 'బాగాన్ కాలం' ఇప్పటికీ వాడుకలో ఉంది. అది ప్రామాణిక కాలం కంటే గంట ముందు. పొద్దున్నే తెల్లారే చోట కూలీలు పొద్దున్నే పనిలోకి దిగి, వెలుతురు ఉండగా ఇంటికి చేరాలి కదా! పశ్చిమ బెంగాలు సరిహద్దు దాటి బంగ్లాదేశ్‌లో అడుగు పెడితే గడియారం అరగంట ముందుకి దూకుతుంది. ఉత్తరాన నేపాల్లోకి వెళితే పావుగంట.

2018లో ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాల శాస్త్రవేత్తలు దేశానికి రెండు కాలాలు ఉంటే బాగుంటుందని ప్రతిపాదించారు. మన దేశంలో ప్రామాణిక కాలాన్ని అణుగడియారాలతో కాపాడుతున్నది ఆ ప్రయోగశాలే. ఈశాన్య రాష్ట్రాలకి గ్రీనిచ్ కంటే ఆరున్నర గంటలు ముందు, మిగతా దేశానికి ఇప్పటిలాగే అయిదున్నర. రెండిటి మధ్య గీత ఎక్కడ గీయాలి? రైళ్ళు ఎక్కువగా అడ్డం రాని ఇరుకు చోట, అస్సాం, బెంగాలు సరిహద్దు దగ్గర, 89 డిగ్రీల 52 నిమిషాల రేఖాంశం మీద గీయమన్నారు. ఆ ప్రతిపాదన అమలుకి రాలేదు. వచ్చి ఉన్నా ఆ గీతకి పడమట ఉన్న కోల్‌కతాకి ఒరిగేదేమీ లేదు. నవంబరు నెలలో అయిదు కొట్టకముందే అక్కడ వీధి దీపాలు వెలగవలసిందే.