మానసిక వ్యాధుల మందులు: దుష్ప్రభావాల చరిత్ర, ఇంటివాళ్లు కనిపెట్టవలసిన లక్షణాలు

మానసిక వ్యాధుల మందులు ఎప్పుడెలా వికటిస్తాయో వైద్యులకు తెలిసింది గత డెబ్బై, ఎనభై ఏళ్లలోనే. అందులో చాలా భాగం రోగులు బాధపడ్డాక, కొందరు చనిపోయాక తెలిసిందే. పశ్చిమ ప్రకాశంలోని బేస్తవారిపేట నుంచి ఒంగోలుకు వంద కిలోమీటర్లకు పైనే. మందు రాసిన డాక్టరు అంత దూరాన ఉన్నప్పుడు తేడాను ముందుగా పట్టుకోవలసింది పక్కనున్న తల్లో, భార్యో, అన్నో.

ఈ చరిత్రకు తొలి అడుగుల్లో ఒకటి మన దేశంలోనే పడింది. 1931లో కలకత్తాలో గణనాథ సేన్, కార్తీక చంద్ర బోస్ సర్పగంధి వేరు ఉన్మాదానికి, రక్తపోటుకు పనిచేస్తుందని రాశారు. ఆ వేరు నుంచి తీసిన రెసర్పిన్ 1950లలో ప్రపంచమంతా వాడారు. కొందరిలో దిగులు పెరగడం, రక్తపోటు బాగా పడిపోవడం చూసి వెనక్కి తగ్గారు. 1952లో పారిస్‌లో జాన్ దెలే, పియెర్ దెనికేర్ మానసిక రోగులకు క్లోర్‌ప్రోమజిన్ వాడారు. 1958లో బెల్జియంలో హాలోపెరిడాల్ తయారైంది. ఈ రెండు మందులతో ఉద్రేకం తగ్గింది కానీ చేతులు వణకడం, ఒళ్లు బిగుసుకోవడం మొదలైంది. మెడ ఒక పక్కకు మెలిపడి కళ్లు పైకి నిలిచిపోతే ఇంట్లో దయ్యమనో, మూర్ఛనో భయపడతారు. ఆస్పత్రిలో ఒక సూదితో అది కొద్దిసేపట్లోనే సర్దుకుంటుంది. రోగి కుదురుగా కూర్చోలేక అటూ ఇటూ తిరుగుతుంటే జబ్బు ముదిరిందనుకుని ఇంకో బిళ్ల వేయడం నా దృష్టిలో అన్నిటికన్నా తరచుగా జరిగే, అన్నిటికన్నా బాధపెట్టే పొరపాటు. అది మందు వల్లే కావచ్చు. తీవ్ర జ్వరం, కొయ్యబారిన ఒళ్లు, చెమటలు, మతి తప్పడం కలిసి వస్తే మాత్రం ప్రాణాపాయం; ఇక తెల్లవారేదాకా ఆగకూడదు. దీన్ని ఫ్రెంచి వైద్యులు 1960లో వర్ణించారు.

పశ్చిమ ప్రకాశంలో ఎక్కువ జాగ్రత్త పడవలసిన మందు లిథియం. ఉన్మాదానికి ఇది పనిచేస్తుందని ఆస్ట్రేలియాలో జాన్ కేడ్ 1949లో రాశాడు. అదే ఏడాది అమెరికాలో గుండె రోగులకు ఉప్పు బదులుగా అమ్మిన లిథియం కొందరి ప్రాణాలు తీసింది. పనిచేసే మోతాదుకు, విషమయ్యే మోతాదుకు దూరం చాలా తక్కువ. ఎండలో పనిచేసి నీళ్లు సరిగా తాగకపోయినా, విరేచనాలు పట్టుకున్నా, ఉప్పు ఉన్నట్టుండి మానేసినా రక్తంలో లిథియం పెరుగుతుంది. డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ లాంటి నొప్పుల మందులూ దాన్ని పెంచుతాయి. ఈ ప్రాంతంలో ఆ మందుల అవసరం ఎక్కువ: 1937లోనే షార్ట్ అనే వైద్యుడి బృందం నాటి నెల్లూరు జిల్లాలో ఫ్లోరోసిస్‌ను, అంటే ఫ్లోరైడు నీళ్ల వల్ల వచ్చే జబ్బును, నమోదు చేసింది. ఆ జిల్లాలోని పొదిలి, దర్శి, కనిగిరి, కర్నూలు జిల్లాలోని మార్కాపురం, గిద్దలూరు 1970లో కొత్తగా ఏర్పడిన, తర్వాత ప్రకాశంగా పేరు మారిన జిల్లాలో చేరాయి. ఫ్లోరైడు నీళ్లు తాగి కీళ్లు పట్టేసినవాళ్లకు నొప్పుల బిళ్లలు రోజువారీ అవసరం. అందుకే లిథియం వాడుతున్న సంగతి నొప్పికి సూది వేసేవాళ్లకు ముందే చెప్పాలి. చేతులు బాగా వణకడం, వాంతులు, మాట ముద్దగా రావడం, నడక తూలడం విషం ముదిరిన గుర్తులు. తాగాడని వదిలేయకుండా వెంటనే రక్తపరీక్ష చేయించాలి.

మరో మానసిక వ్యాధి మందు క్లోజపిన్ కథ 1975లో ఫిన్లాండ్‌లో మలుపు తిరిగింది. అది వాడినవాళ్లలో తెల్లరక్తకణాలు పడిపోయి ఎనిమిది మంది చనిపోయారు. తర్వాత క్రమం తప్పని రక్తపరీక్షల షరతుతో అది తిరిగి వచ్చింది. ఈ మందు మీదున్నవాళ్లకు జ్వరం, గొంతునొప్పి వస్తే మామూలు జలుబనుకోకూడదు. రోజుల తరబడి విరేచనం కాకపోవడమూ ప్రమాదమే. కార్బమజెపిన్, లామోట్రిజిన్ మొదలుపెట్టిన తొలి వారాల్లో ఒంటిమీద దద్దు, నోట్లో పుండ్లు కనిపిస్తే ఆ రోజే డాక్టరును కలవాలి. దిగులుకు వాడే మందులు పిల్లల్లో, కుర్రవాళ్లలో చావు ఆలోచనలను పెంచవచ్చని అమెరికా ప్రభుత్వం 2004లో హెచ్చరిక ముద్రించమంది.

మందు ఉన్నట్టుండి మానడమూ ప్రమాదమే. 2020 లాక్‌డౌన్‌లో కల్లు దుకాణాలు మూతపడగానే హైదరాబాదు ఎర్రగడ్డ మానసిక ఆస్పత్రికి వందలాది మంది వచ్చారు. కొందరికి మూర్ఛలు, కొందరికి భ్రమలు. కల్తీ కల్లులో అల్ప్రజోలం, డయజెపాం కలుపుతారు. వాటికి అలవాటుపడిన ఒళ్లు అవి ఒక్కసారిగా ఆగిపోతే తట్టుకోలేదు. నిద్రమాత్రలు ఏళ్లుగా వాడుతున్నవాళ్లకూ ఇదే వర్తిస్తుంది. డాక్టరు చెప్పినట్టు కొంచెం కొంచెంగా తగ్గించాలి.

2022 అక్టోబరు నుంచి ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ సేవ టెలీ మానస్ 14416 నంబరులో తెలుగులోనూ సలహా దొరుకుతోంది. మతి తప్పినా, మూర్ఛ వచ్చినా 108కి ఫోన్ చేసి, వాడుతున్న బిళ్లల అట్టలన్నీ, నొప్పులవీ నాటువీ సహా, వెంట తీసుకెళ్లాలి.