కొండకు కబురు: బారికి నుంచి ప్రజా సంబంధాల అధికారి దాకా

విశ్వవిద్యాలయం తన గురించి ప్రజలకు తెలియజెప్పే పనికి ప్రత్యేకంగా ఒక అధికారిని నియమించుకోవడం ఇటీవలి ఏర్పాటు. కబురు చేరవేసే బాధ్యతను ఒక మనిషికి అప్పగించి, ప్రతిఫలంగా పంటలో వాటా ఇచ్చే ఆచారం మాత్రం అరకు, పాడేరు కొండల్లో అంతకంటే చాలా పాతది. ఆ బాధ్యత మోసేవాణ్ణి బారికి అంటారు. ఊరికి నాయుడు పెద్దగానూ, దిసారి మంచిచెడ్డల వేళలు చూసేవాడిగానూ ఉంటే, పండుగ ఏనాడో, పంచాయితీ ఎక్కడో, దారి బాగుచేతకు ఇంటికొకరు ఎప్పుడు కదలాలో ఊరంతా తిరిగి గొంతెత్తి చాటేవాడు బారికి. అతని మాట వేర్వేరు తెగలవారు తమలో తాము మాట్లాడుకునే ఆదివాసీ ఒడియాలోనో, ఆ ఊరి సొంత భాషలోనో సాగేది. అర్థం కానివారు గుమ్మంలో నిలబడే అడిగేవారు, అభ్యంతరం ఉన్నవారు అతనితోనే పెద్దకు తిరుగు కబురు పంపేవారు. ఈ రాకపోకే ఆ ఏర్పాటుకు ప్రాణం.

సర్కారు కబురు తీరు వేరు. 1839 చట్టంతో విశాఖపట్నం, గంజాం కొండ ప్రాంతాలను సాధారణ న్యాయస్థానాల పరిధి నుంచి తప్పించి గవర్నరు ఏజెంటు కింద ఉంచారు; ఏజెన్సీ అన్న పేరు అలా వచ్చింది. ముఠా, అంటే కొన్ని గ్రామాల సముదాయం, దానిపై పెత్తనం గల ముఠాదారు శిస్తు వసూలు చేస్తూ పై ఉత్తర్వులను కిందికి దింపేవాడు. 1969లో రద్దయ్యేదాకా సాగిన ఆ పద్ధతిలో కింది మాట పైకి వెళ్లే దారి బహు ఇరుకు. 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీసు ఠాణాపై దాడి చేసిన మన్యం తిరుగుబాటు నాయకుడు అల్లూరి సీతారామరాజు, తీసుకుపోతున్న ఆయుధాల వివరాన్ని ఠాణా పుస్తకంలోనే రాసి సంతకం చేశాడు. అన్నేళ్లూ వినని కచేరీకి దాని కాగితం మీదే కొండ ఇచ్చిన జవాబు అది.

కబురు వినేవారి భాషలోనే సాగాలన్న మర్మాన్ని విద్య విషయంలో ముందుగా గుర్తించినవారు గిడుగు రామమూర్తి. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా ఉంటూ ఆయన సవర భాష నేర్చుకొని, ఆ భాషలో వాచకాలు రాసి, సవర పిల్లలకు బడులు పెట్టించారు. 1931లో సవర వ్యాకరణాన్నీ, 1938లో సవర-ఇంగ్లీషు నిఘంటువునూ వెలువరించారు. బడి గురించి చెప్పడానికి ముందు వినేవారి భాష నేర్చుకున్న పండితుడాయన. ఆ కాలంలోనే, 1926లో, ఆంధ్ర విశ్వవిద్యాలయం పుట్టింది. తూర్పు కనుమల్లోని జయపురం సంస్థానాధీశుడు విక్రమదేవవర్మ దానికి ఏటా లక్ష రూపాయలు ఇచ్చాడు. ఆ సంస్థానంలో అధిక భాగం కొండలే గనుక, ఆ విశ్వవిద్యాలయపు చదువులకు కొండ ఆదాయం అండగా నిలిచిందనడం అతిశయోక్తి కాదు.

కొండ బిడ్డల పేరిట విశ్వవిద్యాలయం రావడానికి మాత్రం 2014 రాష్ట్ర పునర్వ్యవస్థీకరణ చట్టంలోని హామీ కావలసివచ్చింది. కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయం 2019లో విజయనగరం దగ్గరి కొండకరకాంలో, తాత్కాలిక ప్రాంగణంలో మొదలైంది. మెంటాడ, దత్తిరాజేరు మండలాల్లో శాశ్వత ప్రాంగణానికి 2023 ఆగస్టు 25న శంకుస్థాపన జరిగింది. కేంద్రీయ విశ్వవిద్యాలయాల్లో చేరడానికి 2022 నుంచి జరుగుతున్న ఉమ్మడి ప్రవేశ పరీక్ష సీయూఈటీని 13 భాషల్లో రాయవచ్చు గాని, వాటిలో కొండ భాషలైన కువి లేదు, సవర లేదు, ఆదివాసీ ఒడియా లేదు. దరఖాస్తు అంతర్జాలంలోనే పెట్టుకోవాలి. ఇటువంటి చోట ప్రజా సంబంధాల అధికారి పని పత్రికా ప్రకటనతో, ప్రారంభోత్సవపు ఛాయాచిత్రంతో తీరదు. దరఖాస్తు గడువు ఎప్పటిదో, రుసుము ఎంతో, వసతిగృహం ఉందో లేదో సంతలో నిలబడి చెప్పాలి, అక్కడ అడిగిన ప్రశ్నను ఉపకులపతి కార్యాలయానికి మోసుకుపోవాలి. ఆ కొలువుకు అర్హతలు నిర్ణయించేవారు పట్టాలతో పాటు కొండ భాష ఒక్కటైనా వచ్చి ఉండాలన్న నియమాన్ని తప్పక చేర్చాలి.