మామ్మ ట్రంకు పెట్టెలో క్రిస్మస్

ఈ ఎపిసోడ్ మా ఇంట్లోనే షూట్ చేస్తున్నాను, అంతర్వేదిలో. అంతర్వేది అనగానే మీకు లక్ష్మీనరసింహస్వామి గుడి, భీష్మ ఏకాదశి కల్యాణం, అన్నాచెల్లెళ్ల గట్టు గుర్తొస్తాయి. కరెక్టే. కానీ డిసెంబరులో రాత్రిపూట సఖినేటిపల్లి నుంచి ఇటు బండి మీద వస్తే, కొబ్బరితోటల మధ్య ఇళ్ల మీద నక్షత్రాలు కూడా వెలుగుతుంటాయి. ఈరోజు ఆ నక్షత్రాల కింద ఉండే ఇళ్ల చరిత్ర మాట్లాడుకుందాం.

ముందు ఒక నిజం చెప్పేస్తాను. ఈ ఏడాది నేను ఆరడుగుల ప్లాస్టిక్ చెట్టు, ఎల్‌ఈడీ లైట్లు ఆన్‌లైన్‌లో కార్టులో పెట్టేశాను. అమ్మ చూసి, "మరి మామ్మ పెట్టె ఏం చేద్దాం రా?" అంది. మామ్మ అంటే మా నాన్నగారి అమ్మ. ఆవిడ పోయాక ఇదే మొదటి క్రిస్మస్. మంచం కింద ఆవిడ రేకు ట్రంకు పెట్టె ఉంది. డిసెంబరులో తీస్తాం, జనవరిలో కలరా ఉండలు వేసి మూసేస్తాం. "ఆ పాత సామాను ఇంకా ఎందుకమ్మా" అనేశాను. అమ్మ ఏమీ అనలేదు. పెట్టె లాగి నా ముందు పెట్టి వంటింట్లోకి వెళ్లిపోయింది.

సరే, తెరిచాను. పైన వెదురు నక్షత్రం చట్రం. తాతయ్య కట్టింది. ఏటా రంగు కాగితం మారుతుంది, చట్రం మాత్రం అదే. క్రిస్మస్ కాగితపు నక్షత్రాల చరిత్ర వెతికితే 1830ల నాటి జర్మనీకి తీసుకెళ్తుంది. నీస్కీ అనే ఊళ్లో మొరేవియన్ క్రైస్తవుల బడిలో పిల్లలకు జామెట్రీ పాఠంగా ఈ నక్షత్రాలు చేయించేవారు. మా తాతయ్య ఏ జామెట్రీ చదవలేదు. స్కేలు లేకుండా అయిదు కోణాలూ సమానంగా కట్టాడు. ఇంజనీరింగ్ డ్రాయింగ్ రెండోసారి రాసి పాసైనవాణ్ని, నాకు ఆ విలువ తెలుసు.

పెట్టెలో చెట్టు ఉండదు. అది ఏటా బయటి నుంచి రావాలి. మా తీరంలో క్రిస్మస్ చెట్టంటే సరుగుడు కొమ్మే. చూడ్డానికి పైన్ లాగే ఉంటుంది గానీ పైన్ కాదు. మనకు సూదుల్లా కనిపించేవి నిజానికి ఆకులు కావు, సన్నని కణుపుల పుల్లలు. ఆకులు ఆ కణుపుల దగ్గర కంటికి ఆననంత చిన్నగా ఉంటాయి. ఈ చెట్టు పుట్టిల్లు ఆస్ట్రేలియా, ఆగ్నేయాసియా తీరాలు. మద్రాసు ప్రెసిడెన్సీ తీరంలో రైలింజన్లకు కట్టెల కోసం కూడా దీన్ని పెంచారు.

"ఇదంతా తెల్లదొరలు నేర్పిందేగా" అంటారు చాలామంది. నేనూ అలాగే అనుకున్నా. తేదీలు చూస్తే లెక్క అంత తేలిగ్గా కుదర్లేదు. విలియం బౌడెన్, జార్జ్ బీర్ తమ భార్యలతో కలిసి, ఆంథనీ నోరిస్ గ్రోవ్స్ వెంట ఇంగ్లండు నుంచి బయల్దేరింది 1836లో. తర్వాత మాకు ఏటి అవతలే ఉన్న నరసాపురంలో స్థిరపడ్డారు. గోదావరి డెల్టా మిషన్ అలా మొదలైంది. అయితే వాళ్లు బ్రదరెన్ వాళ్లు, చర్చి పండుగల క్యాలెండరును పెద్దగా లెక్కచేయని వాళ్లు. ఇప్పటికీ కొన్ని బ్రదరెన్ సంఘాలు క్రిస్మస్ చేయవు. ఇక విక్టోరియా రాణి కుటుంబం క్రిస్మస్ చెట్టు చుట్టూ నిలబడిన బొమ్మ లండన్ పత్రికలో అచ్చయింది 1848లో. ఆ తర్వాతే ఇంగ్లండులో మామూలు ఇళ్లలో కూడా చెట్టు బాగా వ్యాపించింది. అప్పటికి ఇక్కడ కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట కట్టిస్తున్నాడు. అంటే మా మొదటి మిషనరీలు చెట్టును పెట్టెలో సర్దుకుని రాలేదన్నమాట.

మరి వాళ్ల కాలం నుంచి మా ఇంటిదాకా వచ్చిందేమిటి? పెట్టె అడుగున తెల్ల చీర ముక్కలో చుట్టి ఉంది. లేసు.

నరసాపురం లేసు 1844 ప్రాంతంలో మెక్రే అనే స్కాట్లాండ్ మిషనరీ దంపతులతో మొదలైందని చెబుతారు. మొదట నేర్చుకున్నది ఎక్కువగా క్రైస్తవంలోకి వచ్చిన పేద దళిత ఆడవాళ్లు. తర్వాత మిగతా కులాలకూ పాకింది. ఏజెంటు దారం ఇస్తాడు, ఇంట్లో కూర్చుని అల్లాలి, సరుకు అతనికే ఇవ్వాలి. అది విదేశాలకు వెళ్తుంది. 1970ల చివర్లో మరియా మీస్ అనే జర్మన్ పరిశోధకురాలు ఇక్కడికొచ్చి, 1982లో ఈ ఆడవాళ్ల మీద పుస్తకం రాసింది. ఆవిడ పట్టుకున్న పాయింటు ఇది: గంటల తరబడి చేసే ఈ పనిని అందరూ "ఖాళీ టైములో చేసుకునేది" అనేవారు, కూలి కూడా అలాగే ఇచ్చేవారు.

మామ్మ కూడా అల్లింది. పెళ్లికి ముందు నుంచి, కళ్లు మసకబారే వరకు. బాగా వచ్చినవన్నీ పంటు ఎక్కి ఏరు దాటి వెళ్లిపోయాయి. మా ఇంట్లో ఉన్నది ఒక్కటే, రిజెక్టయిన ముక్క. అన్ని పువ్వులకూ ఎనిమిది రేకులు, ఒక పువ్వుకు ఏడు. ఏజెంటు తీసుకోలేదు సరికదా, దారం డబ్బులు కూడా కోసుకున్నాడట. మామ్మ దాన్ని ఇంటికి తెచ్చి క్రిస్మస్ రోజు బల్ల మీద పరిచింది. అప్పటి నుంచి ఏటా అదే. బాగున్నవి ఏ దేశంలో ఏ పండుగ బల్ల మీద ఉన్నాయో. 2024లో నరసాపురం లేసుకు జీఐ గుర్తింపు వచ్చింది, సంతోషం. ఊరి పేరు రిజిస్టర్ అయింది. అల్లిన మామ్మ పేరు మాత్రం ఏ రిజిస్టరులోనూ లేదు.

లేసు కింద అట్టపెట్టెలో అయిదు ఎర్ర గాజు బంతులు. ఆరోది నా చిన్నప్పుడు నేనే పగలగొట్టాను. మా పిన్ని కువైట్‌లో ఇంటిపనికి ఉన్నప్పుడు, ఊరికి వస్తున్న ఇంకొకావిడ చేత పంపింది. కోనసీమలో ఇలాంటి పిన్నులు లేని వీధి ఉండదేమో. ఆ ఏడాది బంతులు వచ్చాయి, పిన్ని రాలేదు. మామ్మ వాటిని కొమ్మకు కడుతూ ఏడ్చిందని అమ్మ మొన్ననే చెప్పింది.

కార్టు ఖాళీ చేశాను. లైట్లు మాత్రం ఉంచానండి, అబద్ధం ఎందుకు. సరుగుడు కొమ్మ తెచ్చాను. తర్వాత చిన్న చీటీలు కోసి, ఒక్కో వస్తువుకూ ఎవరిది, ఎప్పటిది అని రాసి కట్టడం మొదలుపెట్టాను. నక్షత్రం, తాతయ్య. బంతులు, పిన్ని, ఏడాది ఫోన్ చేసి కనుక్కున్నా. లేసు దగ్గర ఆగిపోయాను. ఏ ఏడాది అల్లింది? అమ్మకు తెలీదు, నాన్నకు తెలీదు. పోయిన క్రిస్మస్‌కి మామ్మ ఇదే బల్ల పక్కన కుర్చీలో కూర్చుని ఉంది. నేను ఫోన్ చూసుకుంటున్నాను.

ఆ ఏడు రేకుల పువ్వును మేమెప్పుడూ గోడవైపు తిప్పి పరిచేవాళ్లం. ఈసారి గుమ్మంలోకి కనపడేలా వేశాను. అమ్మ చూసింది, మార్చలేదు.

మీది ఏ పండుగైనా సరే, ఇంట్లో ఇలాంటి పెట్టె ఒకటి ఉంటుంది. దించి, ఒక్కో వస్తువూ చూపించి, పెద్దవాళ్లు చెప్పేది రికార్డ్ చేయండి. ఫోన్ ఎలాగూ చేతిలోనే ఉంటుంది కదా. అడగాల్సిన మనిషి ఇంట్లో ఉండగానే అడగండి. ఉంటానండి, హ్యాపీ క్రిస్మస్.